గ్లాసులో ఏముందో చెప్పరేం?

ఎండాకాలం వచ్చిందంటే చాలు, పట్నాల్లో పెద్ద హోటళ్ళ మెనూ కార్డుల్లో ఈమధ్య ఓ పేరు కనిపిస్తోంది... సాంగ్రియా! గాజు జగ్గులో ఎర్రగా, చల్లగా, కమలా తొనలూ యాపిల్ ముక్కలూ నిమ్మచక్రాలూ తేలుతూ ఉంటుంది. చూడగానే దాహం వేస్తుంది. ఆ ఎరుపు దానిమ్మదో, ద్రాక్షపళ్ళదో అనుకుంటాం. కాదు, అది రెడ్ వైన్.

ఇది స్పెయిన్ వాళ్ళ పానీయం. వాళ్ళ భాషలో ‘సాంగ్రె’ అంటే నెత్తురు. రంగును బట్టి ఆ పేరొచ్చిందంటారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో స్పెయిన్ వాళ్ళు పోసి ఇచ్చాక అమెరికాలో దీనికి గిరాకీ పెరిగింది. ఐరోపాలో 2014 నాటి నిబంధనల ప్రకారం సాంగ్రియా అని అమ్మే సీసాలో ఆల్కహాలు 4.5 శాతానికి తగ్గకూడదు, 12 శాతానికి చేరకూడదు. మామూలు బీరులో ఉండేది 5 శాతం అటూఇటూ. అంటే ఈ ‘పళ్ళ పానీయం’ బీరుతో సమానం మొదలుకొని దానికి రెట్టింపు దాకా ఉండొచ్చన్నమాట.

ఆడవాళ్ళు తాగొచ్చా తాగకూడదా అనే పంచాయితీ ఇప్పుడు నాకొద్దు. ఈడొచ్చిన మనిషి, తెలిసి తాగితే ఆమె ఇష్టం. నా బాధల్లా తెలియకుండా తాగించడం గురించే.

రెండేళ్ళ క్రితం మా బంధువుల విందు ఒక పేరున్న హోటల్లో జరిగింది. ట్రేలో ఎర్ర గ్లాసులు పట్టుకొచ్చిన కుర్రాడిని “ఏంటిది బాబూ?” అనడిగితే “ఫ్రూట్ డ్రింక్ మేడమ్, చల్లగా ఉంటుంది” అన్నాడు. మా పిన్ని కూతురు చంటిపిల్లకి పాలిచ్చే తల్లి. రెండు గుక్కలు తాగి “అక్కా, వగరుగా ఉందేంటే?” అంది. వాసన చూస్తే అర్థమైంది. మేనేజరుని పిలిచి అడిగాం. “కొంచెమేనండీ, అందరూ తీసుకుంటారు” అని నవ్వేశాడు! పాలిచ్చే తల్లి సంగతి అలా ఉంచండి. షుగరుకి కొన్ని రకాల మందులు వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో మద్యం తీసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ ట్రే పట్టుకున్న కుర్రాడికి ఎవరి ఒంట్లో ఏముందో తెలుస్తుందా?

పోనీ వేసవికి మంచిదా అంటే అదీ లేదు. ఒంట్లో నీటిని నిలిపి ఉంచే హార్మోను ఒకటుంటుంది. ఆల్కహాలు దాన్ని అణచేస్తుంది. అందుకే తాగినవాళ్ళు మాటిమాటికీ బాత్‌రూముకి పరుగెడతారు. ఎండకి చెమట రూపంలో కొంత, ఇలా కొంత... ఉన్న నీరూ పోతుంది. గొంతు చల్లబడిందనుకుంటాం గానీ ఒళ్ళు ఎండిపోతుంది. పళ్ళ తీపి ఘాటుని కప్పేస్తుంది కాబట్టి ఎంత తాగామో లెక్క కూడా తెలీదు.

మా పెదవేగి చుట్టుపక్కల తాటిచెట్లకి కొదవలేదు. తెల్లారగట్ల దించిన నీరా తియ్యగా ఉంటుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఇంకాసేపు అలాగే నిలుస్తుంది. లేకపోతే పొద్దెక్కేసరికి పులిసి కల్లయిపోతుంది. మా వీధిలోకొచ్చే గీత కార్మికుడు చదువుకున్నవాడేం కాదు. కానీ లొట్టి దించుతూనే “ఇది పొద్దుటిదండి, పిల్లలకిచ్చుకోవచ్చు” అంటాడు. ఎండ ముదిరాక వస్తే “ఇది పులిసిందండి, మీకొద్దు” అని తనే చెబుతాడు. అడక్కుండానే! ఏసీ గదుల్లో టై కట్టుకున్నవాళ్ళకి ఆపాటి నిజాయితీ లేకపోవడం చోద్యం కాదూ?

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు కొంగులు బిగించి సారా మీద తిరగబడ్డారు. రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. 1997లో దాన్ని సడలించేశారనుకోండి, అది వేరే కథ. ఆరోజుల్లో శత్రువు కంటికి కనిపించేవాడు. సారా దుకాణానికి బోర్డుండేది, దాని ముందు నిలబడి అరవగలిగారు. పళ్ళముక్కలు కప్పుకుని ట్రేలో వచ్చేదాన్ని ఎలా గుర్తుపడతాం?

సీసాలో అమ్మే మద్యం మీద హెచ్చరిక ముద్రించాలని 2019 నుంచి నిబంధన ఉంది. జగ్గులో పోసేసరికి ఆ హెచ్చరిక చెత్తబుట్టలోకి పోయింది. విందుల్లో ఆ జగ్గు విడిగా ఓ బల్ల మీద పెట్టి, ‘మద్యం కలిపినది’ అని తెలుగులో ఓ అట్టముక్క తగిలిస్తే ఎవరి సొమ్మేం పోతుంది? అడిగినవాళ్ళకే పోయండి. విందు ఏర్పాట్లు మాట్లాడుకునేటప్పుడు స్వీట్లూ బిర్యానీలతో పాటు ఈ సంగతి కూడా మనమే అడగాలి. ఇంటి మగవాళ్ళు మర్చిపోతారు, లేదా మర్చిపోయినట్టుంటారు!

ఆ జగ్గు అందం మాత్రం నాకూ నచ్చింది సుమండీ. ఏలూరు మార్కెట్లో నిమ్మకాయలకేం తక్కువ? రెండు దానిమ్మకాయల రసం, నాలుగు బత్తాయిల రసం, రెండు నిమ్మచెక్కలు, చిటికెడు ఉప్పు, కాస్త పంచదార, లీటరు చల్లటి కుండనీళ్ళు. నానబెట్టిన సబ్జాగింజలు రెండు చెంచాలు. పైన బత్తాయి చక్రాలు వేస్తే చూడ్డానికి అచ్చం అదే. మొన్న మా వదిన వాళ్ళొస్తే ఇదే చేశాను. జగ్గు బల్ల మీద పెట్టగానే మా వదిన మొదట వాసన చూసింది. ఆ తర్వాతే గ్లాసు అందుకుంది.