చిన్న లేతు: సరదా వేరు, ఆదా వేరు

వ్యవసాయంలో ఇనుముతో సావాసం తప్పదు. పవర్ స్ప్రేయరు దగ్గర నుంచి బోరు మోటారు దాకా ఏదో ఒకటి అరుగుతూనే ఉంటుంది. విప్పడం, బిగించడం అలవాటైన రైతులకు, ఐ.టి.ఐ. చదివిన కుర్రాళ్లున్న ఇళ్లలో మరీనూ, ‘మనింట్లోనే ఒక చిన్న లేతు మిషను ఉంటే బాగుణ్ను’ అనిపించడం సహజం. బల్ల మీద పెట్టుకునే మినీ లేతులు ఇప్పుడు ఇంటి కరెంటు మీదే తిరుగుతున్నాయి. ఆశ తప్పు కాదు. ఏ లెక్కన కొంటున్నామన్నదే చూసుకోవాలి.

రిపేరు ఖర్చులు మిగులుతాయన్న లెక్కతో అయితే కొనకండి. ఎందుకో చూడండి. మినీ లేతుల్లో ఎక్కువగా దొరికేది ఏడంగుళాల రకం. బెడ్ మీద 180 మి.మీ. వ్యాసం దాకా తిరుగుతుంది. క్యారేజీ మీదికి వచ్చేసరికి అది ఇంకా తగ్గుతుంది. రెండు సెంటర్ల మధ్య దూరం 300 లేక 350 మి.మీ. చక్ 80 మి.మీ. ఉంటుంది. చక్ వెనక నుంచి దూర్చే కడ్డీ 20 మి.మీ. కంటే లావు ఉండకూడదు. బండి ఇరుసు గానీ, రోటవేటరు షాఫ్టు గానీ దీనిమీదికి ఎక్కవు. రైతుకు ఎక్కువ ఖర్చు పెట్టించే పనులకు మళ్లీ టౌనులో లేతు షాపుకు పోవలసిందే. ఏడాదికి రెండు మూడు బుష్షుల కోసం మిషను కొంటే ఆ సొమ్ము ఎన్నటికి తిరిగి వస్తుంది? పంట రుణం సొమ్ము దీనికి మళ్లించడం అసలు కూడదు.

పని మీద ఇష్టంతో, మిగులు డబ్బుతో కొంటానంటే అది వేరే సంగతి. బుష్షులు, పిన్నులు, వాషర్లు, కొడవలి పిడికి పొన్ను, ఇత్తడి జాయింట్లు, పిల్లలకు బొంగరాలు చక్కగా చేసుకోవచ్చు. నేర్చిన చెయ్యి ఎక్కడికీ పోదు.

బజారులో మీ ముందుకు మూడు రకాలు వస్తాయి. మొదటిది బొమ్మలాంటి చిన్న మిషను. కొయ్య, మెత్తటి అల్యూమినియం కోస్తుంది, ఇనుము ముందు చతికిలబడుతుంది. దాని జోలికి పోవద్దు. రెండోది విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దొరికే పాత పెద్ద లేతు. పని బలంగానే చేస్తుంది కానీ త్రీఫేజు మోటారు, గట్టి దిమ్మ, దాన్ని దించడానికి మనుషులు కావాలి. మోటారు షెడ్డులో త్రీఫేజు ఉంది కదా అనుకోకండి. వ్యవసాయ కనెక్షను మీద లేతు తిప్పకూడదు. పైగా పాత లేతులకు చక్ దగ్గర బెడ్ అరిగి ఉంటుంది. క్యారేజీని చక్ దగ్గర బిగువుగా సర్ది అవతలి చివరకు నడిపి చూడండి. అక్కడ పట్టేస్తే బెడ్ అరిగినట్టే. తొలి మిషనుగా నా ఓటు మూడో రకానికి, అంటే పోత ఇనుము బెడ్ ఉన్న మినీ లేతుకే. బరువు 40 కిలోల దరిదాపుల్లో, ఇప్పటి 45 కిలోల యూరియా బస్తా కన్నా కాస్త తక్కువగా ఉంటుంది. ఇనుము కోసేటప్పుడు వణకకుండా నిలబెట్టేది ఆ బరువే. బరువు తక్కువని మెచ్చుకుని కొనవద్దు.

రంగు చూసి డబ్బు కట్టకండి. షాపులోనే 25 మి.మీ. ఇనప కడ్డీని చక్‌లో బిగించి, 100 మి.మీ. పొడవున పైపైన ఒక కోత వేయించండి. హైస్పీడ్ స్టీలు టూలుతో అయితే నిమిషానికి సుమారు 350 చుట్లు చాలు. కోసిన భాగాన్ని రెండు చివరలా మైక్రోమీటరుతో కొలవండి. తేడా 0.03 మి.మీ. లోపుంటే ఈ తరగతి మిషనుకు మంచిదే. కోసి చూపనంటే ఆ షాపు వదిలేయండి.

తర్వాత కరెంటు సంగతి. ఈ మిషన్లలో వేగం మార్చేది ఎలక్ట్రానిక్ బోర్డు. పల్లెల్లో ఓల్టేజి ఎగుడుదిగుళ్లకు ముందుగా దెబ్బతినేది అదే. స్టెబిలైజరు పెట్టుకోవాలి. బోర్డు, బెల్టు, గేర్లు విడిగా దొరుకుతాయో లేదో కొనకముందే అడగాలి. మర కోసే గేర్లు పూర్తి సెట్టు ఇస్తున్నారా చూడండి. పాత సామానుకు అంగుళాల మర, కొత్తదానికి మిల్లీమీటర్ల మర ఉంటుంది. రెండూ అవసరపడతాయి.

ఉన్న డబ్బంతా మిషనుకే పెట్టకూడదు. టూల్ బిట్లు, వాటిని పదును పెట్టే గ్రైండరు, డ్రిల్ చక్, వెర్నియరు, మైక్రోమీటరు లేకపోతే లేతు ఊరికే పడి ఉంటుంది. మిషను ధరలో సగం దాకా వీటికి విడిగా ఉంచుకోండి.

చిన్న మిషనే కదా అని అలుసు పనికిరాదు. లుంగీ, పంచె, భుజం మీద తువ్వాలు, చేతులకు గ్లౌజులతో లేతు దగ్గరికి పోవద్దు. ఏ గుడ్డ చుట్టుకున్నా మనిషిని లాగేస్తుంది. చక్ కీ తీయకుండా స్విచ్ వేయకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి. చుట్టలు చుట్టలుగా వచ్చే ఇనప తీగను చేత్తో లాగకూడదు.

కొనే ముందు, పనులు లేని రోజుల్లో ఒక నెలపాటు తెలిసిన లేతు షాపులో మేస్త్రి పక్కన నిలబడండి. టూలు పదును పెట్టడం, కొలత తీయడం అక్కడ నేర్చుకోండి. నెల తిరిగేసరికి ఆ నూనె వాసన మీద మోజు తీరిపోతే మీ డబ్బు మిగిలినట్టే. మోజు ఇంకా పెరిగితే, పంట అమ్మి బాకీలన్నీ తీర్చాక మిగిలిన దాంట్లో నుంచి నిశ్చింతగా కొనుక్కోండి.