ఆపరేషన్‌లో బి.పి. ఎందుకు పడిపోతుంది?

పొట్టలోని బృహద్ధమని బుడగలా ఉబ్బితే ఆపరేషన్ చేసి, ఆ భాగంలో కృత్రిమ గొట్టం అమరుస్తారు. "గుండె బాగానే ఉందన్నారు కదా, మధ్యలో బి.పి. ఎందుకు పడిపోయింది?" అని బంధువులు కంగారు పడుతుంటారు. రక్తం పోవడం ఒక్కటే దానికి కారణం కాదు.

మనం గాలి పీల్చినప్పుడు ఛాతీ లోపలి ఒత్తిడి తగ్గుతుంది. అందువల్ల సిరల్లోని రక్తం గుండెవైపు సులువుగా వస్తుంది. వెంటిలేటర్ పని ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అది గాలిని లోపలికి నెడుతుంది. ఛాతీలో ఒత్తిడి పెరిగి, గుండెకు వచ్చే రక్తం తగ్గుతుంది. వచ్చిన రక్తాన్నే కదా గుండె పంపగలిగేది! ఈ సంగతిని ఆంద్రే కుర్నాండ్ బృందం 1948లోనే వివరించింది.

ఒంట్లో నీరు తక్కువగా ఉన్నవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. సెలైన్ ఎక్కిస్తే చాలావరకు సర్దుకుంటుంది. అలాగని ఎంత ఎక్కిస్తే అంత మంచిదనుకోకండి. గుండె శక్తికి ఒక హద్దుంది. అది దాటితే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది, పేగులు ఉబ్బుతాయి.

మరి ఎంత కావాలో ఎలా తెలుస్తుంది? మణికట్టు ధమనిలో సన్నని గొట్టం ఉంచి, వెంటిలేటర్ ఇచ్చే ప్రతి శ్వాసకూ నాడి ఒత్తిడి ఎంత మారుతోందో మత్తు డాక్టరు చూస్తారు. ఆ మార్పు సుమారు 13 శాతం మించితే సెలైన్‌వల్ల ప్రయోజనం ఉండవచ్చు. గుండె లయ తప్పి కొట్టుకునేవారిలో ఈ లెక్క పనికిరాదు. ధమనికి బిగించిన క్లాంపు తీయగానే కూడా బి.పి. పడిపోవచ్చు. అందుకే దానికి ముందుగానే సిద్ధమవుతారు.

ఇక మీరు చేయవలసినవి: మెట్లెక్కితే ఆయాసం, కాళ్ళ వాపు, గుండెదడ, పొగతాగే అలవాటు ఉంటే దాచకుండా చెప్పండి. బి.పి. మాత్రలు, నీరు తీసే మాత్రలు ఆరోజు వేసుకోవాలో వద్దో అడగండి. మీ అంతట మీరు మానకండి. గట్టి ఆహారం కనీసం 6 గంటల ముందు ఆపాలి. మంచినీళ్ళు మాత్రం చాలామందికి 2 గంటల ముందు వరకు ఇస్తారు. మీ విషయంలో మీ డాక్టరు మాటే ప్రమాణం.

ఆపరేషన్ తరువాత సెలైన్ తగ్గిస్తే "నీరసం వస్తుంది, ఇంకో సీసా పెట్టండి" అని ఒత్తిడి చేయకండి. ఆ సమయంలో తగ్గించడం కూడా వైద్యమే.