రెండు చెవులూ, ఒక గిటారూ

వీణ కచేరీకి వెళ్ళినవారికి ఈ బాధ లేదు. వీణ ఒకచోట ఉంటుంది, నాదం అక్కణ్ణించే వస్తుంది. ముందు వరసకు గట్టిగా, వెనక వరసకు మెత్తగా వినిపిస్తే వినిపించవచ్చు గాని, కీర్తనలో సగం కుడివైపు వారికీ, సగం ఎడమవైపు వారికీ పంచిపెట్టడమన్నది లేదు. ఎలక్ట్రిక్ గిటారు సంగతి వేరు. తీగె మోగేది ఒకచోట, పాట వచ్చేది మరో రెండు చోట్ల నుంచి!

మాదాపూరు వైపు ఉద్యోగం చేసే పిల్లలున్న ఇళ్ళవారికి ఈ ప్రస్తావన కొత్త కాదు. 1998లో సైబర్ టవర్స్ వెలిసినప్పుడు అక్కడ కంప్యూటర్లుంటాయనుకున్నాం గాని, గిటార్లు మోగుతాయని ఎవరనుకున్నారు? ఇవాళ శనివారం సాయంత్రమైతే చాలు, హైటెక్ సిటీ, గచ్చిబౌలి హోటళ్ళలో బాండు మేళాలు. పెళ్ళి బాండు కాదండోయ్! వారమంతా కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రకారే అందులో చాలామంది. చౌరస్తా వంటి హైదరాబాదు బృందాలు చక్కగా తెలుగులోనే పాటలు కట్టి పాడుతున్నాయి కూడా.

ఇంతకీ స్టీరియో అంటే ఏమిటి? మనకు రెండు చెవులున్నాయి గనక, శబ్దం ఏ చెవికి ముందు చేరిందో, ఏ చెవికి గట్టిగా చేరిందో చూసుకుని అది ఎటునుంచి వచ్చిందో మనసు పోల్చుకుంటుంది. ఈ కిటుకు పట్టుకుని 1931లో ఇంగ్లండులో అలన్ బ్లమ్‌లీన్ అనే ఇంజనీరు పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. మన తెలుగువారికి 1986లో ‘సింహాసనం’ సినిమా 70 ఎం.ఎం. తెరతోపాటు ఈ వైభవాన్ని కూడా హాల్లో వినిపించింది.

గిటారు నుంచి మామూలుగా వచ్చేది ఒక్క ధారే. దాన్ని రెండుగా చీల్చేవి కాలికింద నొక్కే చిన్న చిన్న పెట్టెలు, పెడల్స్ అంటారు. వీటిలో ‘కోరస్’ అని ఒకటుంది. భజనలో పదిమంది ఒకే చరణం ఎత్తుకుంటే ఏ ఇద్దరి గొంతూ అచ్చంగా కలవదు గదా, ఆ కొద్ది తేడాలోనే నిండుదనం వస్తుంది. కోరస్ చేసే పనీ అదే. 1975లో జపాను రోలండ్ కంపెనీ జాజ్ కోరస్-120 అనే ఆంప్లిఫయరు తెచ్చింది. ఒకే పెట్టెలో 60 వాట్లవి రెండు, 12 అంగుళాల స్పీకర్లు రెండు. ఒకదాంట్లో అసలు స్వరం, రెండోదాంట్లో కొంచెం వణికిన స్వరం. రెండూ గాలిలో కలిసి చెవికి విందు చేస్తాయి.

కలిస్తేనే సుమా! చిక్కంతా అక్కడే.

మా మేనకోడలు అటువంటి బాండులో గిటారు వాయిస్తుంది. మా బావగారికి వీణ తప్ప వాద్యమే లేదు. కూతురు గిటారు పట్టిన నాటి నుంచీ ఆ ఊసెత్తేవారు కారు. అక్కయ్య పోరు పడలేక కిందటేడు మొదటిసారి కచేరీకి వచ్చారు. వచ్చి, ఎడమవైపు చివర స్పీకరు పక్కన కూర్చున్నారు. ఆ వేళ అసలు గిటారు కుడి స్పీకరుకీ, దాని ప్రతిధ్వని ఎడమ స్పీకరుకీ పెట్టారు. నడుమ కూర్చున్న నాకు అమృతంలా ఉంది. ఇంటికి వెళ్ళేటప్పుడు బావగారు ఒకే మాటన్నారు: “అమ్మాయి ఎక్కడ వాయించిందో గాని, నాకు దాని నీడ వినిపించింది.”

అందులో వెటకారం లేదు. శబ్దం 10 మీటర్లు నడవడానికి సెకనులో సుమారు 35వ వంతు పడుతుంది. పక్కనున్న స్పీకరు ముందే, గట్టిగా చెవిలో పడితే, దూరపుది దాని వెనక మరుగున పడుతుంది. ముందు చేరిన శబ్దానికే చెవి పెద్దపీట వేస్తుందని 1949లో జర్మనీలో హాస్ అనే ఆయన ప్రయోగాలతో చూపించాడు.

ఆ మాట విని పిల్ల నొచ్చుకోలేదు, పనిలో పడింది. “మావయ్యా, అంచున కూర్చున్నవాళ్ళకీ పాట మొత్తం చేరాలి” అంది. అసలు స్వరాన్ని రెండు స్పీకర్లకూ సమంగా పెట్టి, ప్రతిధ్వనిని మాత్రం అటూ ఇటూ పరిచింది. అదీ చివరంటా కాదు. మిక్సరు మీద బిరడాలు గడియారం ముల్లులాంటివనుకుంటే, ఒకటి పదింటి దగ్గరా, మరొకటి రెండింటి దగ్గరా నిలిపింది. గాత్రమూ, బేసూ నడిమధ్యనే. తరవాతి కచేరీలో బావగారు మళ్ళీ ఎడమ చివరే కూర్చున్నారు. ఈసారి ఇంటికొచ్చి, “ఆ మూడో పాటలో రాగం ఏమిటే?” అని కూతుర్ని అడిగారు. ఆ ప్రశ్న కోసం ఆ పిల్ల ఆరేళ్ళుగా కాచుకుంది.

మీ ఇంట్లోనూ గిటారు వాయించే పిల్లలుంటే ఈ నాలుగు ముక్కలు చెవిన వేయండి. ముందుగా హాలువారిని అడగాలి: స్పీకర్లు నిజంగా రెండు ధారలుగా పనిచేస్తాయా, ఒక్కటిగానా? ఒక్కటిగానే అయితే రెండు తీగెలు లాగడం దండగ. స్టీరియో పెడల్ తరవాత ఒక్క ధారే పట్టే పెడల్ పెడితే రెండు ధారలూ నిలవవు. రెండింటినీ ఒకటి చేసి వినే బొత్తాం మిక్సరు మీద ఉంటే, ఒకసారి నొక్కి చూడాలి. గిటారు పలచబడినా, మాయమైనా ఆ రెండూ ఒకదాన్నొకటి తినేస్తున్నాయన్నమాట. అసలు స్వరానికి దాని నకలు సెకనులో వెయ్యోవంతు ఆలస్యంగా వచ్చి సమంగా కలిస్తే చాలు, 500 హెర్ట్జ్ దగ్గర శబ్దం చచ్చిపోతుంది. ఆఖరున, కచేరీకి ముందు ఒకరు హాలంతా తిరిగి నాలుగు మూలలా నిలబడి వినాలి. దీనికి పైసా ఖర్చు లేదు. రెండో ఆంప్లిఫయరు కోసం అప్పు చేసే ముందు ఈ పని చేస్తే, ఒక్కోసారి ఆ అప్పే అక్కర్లేకపోవచ్చు.

గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండమీది బాలా హిసారులో వినిపిస్తుంది. కట్టినవారు ఏ యంత్రమూ ఎరగరు. పైన ఎవరు వినాలో మాత్రం వారికి తెలుసు.