గీత దూరం వేరు, గడప దూరం వేరు

సంపాదకులకు,

బెంగళూరు, హైదరాబాదు విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 455 కిలోమీటర్లు, గంటకు 800 చొప్పున సుమారు 34 నిమిషాల ప్రయాణమని మీ వ్యాసంలోని పట్టికలో రాశారు. భాగహారం సరిగానే ఉంది, విమానం మాత్రం అలా పోదు.

ఆ 455 పటం మీద తిన్నగా గీసిన గీత. విమానం గాలివాటాన్ని బట్టి లేచి, దారికి తిరిగి, ఎత్తుకెక్కాలి. దిగే ముందు చాలా దూరం నుంచే వేగం తగ్గించుకోవాలి. పూర్తి వేగంతో పోయేది మధ్యలో కాసేపే. రన్‌వే దాకా నేల మీద దొర్లడం, వరుసలో ఆగడం కూడా కలుపుకొనే సంస్థలు టైము వేస్తాయి. టికెట్ మీద గంటకు పైగా కనిపించేది అందుకే.

అంతకన్నా ముఖ్యం, మా శాంతిపురం వాళ్ళ ప్రయాణం బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్ళిలో మొదలుకాదు. వి.కోట, కోలారు, హొసకోట దాటి వంద కిలోమీటర్లకు పైగా పోవాలి. రేణిగుంట విమానాశ్రయం ఇంకా దూరం. ఉదయం ఆరింటి విమానానికి రెండు గంటల ముందే చేరాలంటే అర్ధరాత్రి దాటగానే కారెక్కాలి. తోడుగా ముసలివాళ్ళుంటే దారిలో టీకొట్టు దగ్గర రెండుసార్లు ఆపాల్సిందే. హైదరాబాదు విమానాశ్రయం ఉన్న శంషాబాద్‌లో దిగాక ఊళ్ళోకి పోవడం మరో ప్రయాణం.

మా దగ్గరి కుప్పం విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అది వచ్చేదాకా కుప్పం, పుంగనూరు, మదనపల్లె నుంచి ఇల్లు వదిలింది మొదలు ఎన్ని గంటలో కూడా మీ పట్టికలో వేయండి.

— ఒక రైతు, శాంతిపురం, చిత్తూరు జిల్లా