కుసాత్సు వేడినీళ్ళు - అమ్మ పచ్చబొట్టు

అలసిపోయిన ఒంటికి నాలుగు చెంబుల వేడినీళ్ళు చేసే మేలు ఏ మందూ చెయ్యదని మనందరికీ తెలిసిందే. పురిటి స్నానం దగ్గర్నుంచి పండగ తలంటు దాకా వేడినీళ్ళు లేని వేడుక మన ఇళ్ళల్లో లేదు. కాకపోతే ఆ నీళ్ళు కాచేదీ మనమే, తోడి ఇచ్చేదీ మనమే, ఇంట్లో అందరి స్నానాలూ అయ్యాక గోరువెచ్చగా మిగిలినవి పోసుకునేదీ మనమే! అలాకాక భూమే నీళ్ళు కాచి ఇస్తే ఎంత హాయి? జపాన్ కొండల్లో అలాంటి ఊళ్ళు కొల్లలు. ఆ వేడినీటి బుగ్గల్ని వాళ్ళు ఒన్సెన్ అంటారు. 1948లో దీనికో చట్టం కూడా చేసుకున్నారు. నీరు పైకి వచ్చేచోట కనీసం 25 డిగ్రీల వేడైనా ఉండాలి, లేదా చట్టంలో చెప్పిన ఖనిజాల్లో ఏదో ఒకటి తగుపాళ్ళలో ఉండాలి. అప్పుడే ఆ పేరు పెట్టుకోనిస్తారు.

మా తమ్ముడికి టోక్యోలో ఉద్యోగం. 2024 అక్టోబరులో అమ్మా నేనూ వాడి దగ్గరకు వెళ్ళాం. అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. "రెండ్రోజులు కుసాత్సు వెళ్దాం అక్కా, అమ్మకు సుఖంగా ఉంటుంది" అన్నాడు వాడు. టోక్యోలోని ఉఎనో స్టేషన్ నుంచి రైల్లో రెండున్నర గంటలు, అక్కణ్ణుంచి బస్సులో అరగంట లోపే. గున్మా ప్రాంతంలో, సముద్రమట్టానికి 1,200 మీటర్ల ఎత్తున ఉంటుంది ఆ ఊరు. అరిమా, గెరోలతో కలిపి జపాన్‌లో మూడు గొప్ప వేడినీటి బుగ్గల్లో ఒకటిగా దీన్ని చెప్పుకుంటారు.

అంతా బాగానే ఉందిగానీ, బస కోసం ఫోన్ చేస్తున్న మా మరదలు ఉన్నట్టుండి నావైపు తిరిగి, "వదినా, అత్తయ్య చేతిమీద పచ్చబొట్టుంది కదూ?" అంది.

ఉంది. అమ్మ ఎడమ ముంజేతి మీద మా పెద్దమ్మ పేరు, పక్కనే మూడు చుక్కలు. చిన్నప్పుడు తిరునాళ్ళలో అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి పేరు ఒకరు పొడిపించుకున్నారట. పెద్దమ్మ పెళ్ళైన రెండేళ్ళకే పోయింది. ఫోటో కూడా లేదు. ఆవిడ గుర్తు ఆ నాలుగు పచ్చటి అక్షరాలే.

జపాన్‌లో చాలా స్నానశాలల్లోకి పచ్చబొట్టు ఉన్నవాళ్ళను రానివ్వరండీ! మరదలు మొదట ఫోన్ చేసిన చోట మర్యాదగానే కాదన్నారు. సంగతి తెలిసి అమ్మ చిన్నబుచ్చుకుంది. "నేనేం దొంగనా దొరనా? మీరు వెళ్ళిరండి, నేను ఇంట్లో ఉంటా" అంది.

విచిత్రమేమిటంటే, అమ్మ కోపంలో అన్న ఆ 'దొంగ' మాటలోనే అసలు కారణం ఉంది. ఎదో కాలంలో (1603-1868) అక్కడ దొంగతనం చేసినవాళ్ళకు శిక్షగా చేతిమీద పచ్చబొట్టు పొడిచేవారు. 1872లో ప్రభుత్వం పచ్చబొట్లను పూర్తిగా నిషేధించింది. ఆ నిషేధాన్ని 1948లో ఎత్తేసినా, యాకుజా అనే నేరగాళ్ళ ముఠాలవాళ్ళు ఒంటినిండా బొమ్మలు పొడిపించుకోవడంతో జనంలో భయం మాత్రం పోలేదు. వాళ్ళు రాకుండా పెట్టిన నియమం అమ్మలాంటివాళ్ళకూ అడ్డం వచ్చిందన్నమాట.

మరి వాళ్ళ బామ్మలకు పచ్చబొట్లు లేవా అంటే, భేషుగ్గా ఉండేవి! దక్షిణాన ఒకినావా దీవుల్లో ఆడవాళ్ళు చేతులమీద, వేళ్ళమీద పొడిపించుకునేవారు. దాన్ని హాజిచి అంటారు. అది లేకుండా పోతే పైలోకంలో కష్టాలని నమ్మేవారట. మన పెద్దవాళ్ళు "పోయేటప్పుడు వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటే" అంటారే, అలాగే! 1899లో దాన్నీ నిషేధించారు. ఉత్తరాన ఐను జాతి ఆడవాళ్ళకు పెదవుల చుట్టూ, చేతులమీదా ఉండేవి. అవీ ఆగిపోయాయి. 2013లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక మావోరీ పెద్దావిడను గడ్డం మీద తమ జాతి పచ్చబొట్టు ఉందని హొక్కైడోలో ఒక స్నానశాలవాళ్ళు లోపలికి రానివ్వకపోతే పెద్ద గొడవే అయింది. 2016లో జపాన్ పర్యాటక శాఖ కల్పించుకుని, పరాయి దేశస్థుల విషయంలో కాస్త సర్దుకుపొమ్మని యజమానులకు సూచించింది. చిన్న పచ్చబొట్టయితే పైన స్టిక్కరు అంటించుకోమనడం, లేదా విడిగా స్నానపు గది ఇవ్వడం అలాంటి సర్దుబాట్లే.

మరదలు పట్టు వదలకుండా ఇంకోచోట అడిగింది. వాళ్ళు రెండూ కుదురుతాయన్నారు. అమ్మను బతిమాలి బయల్దేరదీశాం.

ఊళ్ళోకి అడుగుపెట్టగానే గంధకం వాసన గుప్పుమంది. ఊరి నడిబొడ్డున యుబాతకే ఉంది. ఆ మాటకు వేడినీళ్ళ పొలం అని అర్థం. నిమిషానికి 4,000 లీటర్లకు పైగా ఉబికివచ్చే నీరు వరుసగా పరిచిన చెక్క కాలువల మీదుగా పొగలు కక్కుతూ పారుతుంది. మన కాలనీల్లోకొచ్చే 5,000 లీటర్ల ట్యాంకరు నిమిషంన్నరలోపే నిండిపోతుందన్నమాట! కాలువల్లో పేరుకున్న పసుపుపచ్చటి గంధకాన్ని తీసి, స్నానపు నీళ్ళలో కలుపుకోవడానికి వాడతారు. ఆ నీరు ఇంచుమించు నిమ్మరసమంత పులుపు. కంట్లో పడితే మంటే. బేల్జ్ అనే జర్మన్ డాక్టరు 1876లో జపాన్ వచ్చి, ఈ నీళ్ళ గొప్పతనాన్ని బయటి ప్రపంచానికి చాటాడు.

అక్కడే ఒక శాలలో 'యుమోమి' చూశాం. మరిగే నీళ్ళలో చన్నీళ్ళు కలిపితే వాటి గుణం పలచబడిపోతుందని, ఆడవాళ్ళు వరుసగా నిలబడి మనిషి పొడవు చెక్కలతో పాటలు పాడుతూ నీళ్ళను తిరగేసి చల్లారుస్తారు. అమ్మ ముచ్చటపడి, "పాలు తిరగబోసి చల్లార్చినట్టే ఉందే!" అంది.

ర్యోకాన్ అంటే వాళ్ళ పద్ధతి బస. చెప్పులు గుమ్మంలోనే. గదిలో తతామి అనే గడ్డిచాపలు, పొట్టిబల్ల. రాత్రికి నేలమీదే పరుపు వేస్తారు. యుకాతా అనే నూలు అంగీ ఇస్తారు. దాని ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకోవాలి. కుడి అంచు పైకొస్తే శవానికి తొడిగిన పద్ధతట, జాగ్రత్త!

భోజనం దగ్గర మన శాకాహారులకు ఒక చిక్కుంది. కూర చూడ్డానికి కూరగాయలే అయినా, ఎండుచేపతో కాచిన 'దాషి' అనే చారులో ఉడుకుతుంది. గది తీసుకునేటప్పుడే చెబితే కొన్నిచోట్ల సముద్రపు నాచుతోనో, ఎండు పుట్టగొడుగులతోనో కాచి పెడతారు. మాకు అలాగే పెట్టారు. అన్నం, టోఫు, ఊరగాయ ముక్కలు, కొన్న్యాకు. ఈ కొన్న్యాకు మన కందకు దగ్గరి చుట్టమేనండీ. దుంపను పిండిచేసి, సున్నపునీటితో గట్టిపరిచి ముక్కలు కోస్తారు. రుచి చప్పనే, కానీ పులుసులో వేస్తే బ్రహ్మాండంగా ఉంటుందని అమ్మా నేనూ తీర్మానించేశాం. బజార్లో ఆవిరి మీద ఉడికించిన 'మంజూ' అమ్ముతారు. లోపల ఎర్ర చిక్కుడుగింజలతో చేసిన తీపి ముద్ద, అచ్చం మన పూర్ణమే.

భోజనాలు వడ్డించిన ఆవిడకు అరవై ఉంటాయేమో. ప్రతి గిన్నె దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని లేస్తోంది. అమ్మ తిండి మానేసి ఆవిడ మోకాళ్ళవైపే చూస్తూ కూర్చుంది. సుఖపడే చోట కూడా ఎక్కడో ఒక ఆడమనిషి లేస్తూ కూర్చుంటూనే ఉంటుంది కదా!

మొదటి రాత్రి అమ్మా నేనూ విడి గదిలో స్నానం చేశాం. దాన్ని ముప్పావుగంటకు ఇచ్చారు. నూలుపోగు లేకుండా నీళ్ళల్లోకి దిగాలి. గోదావరి పుష్కరాల్లో కూడా చీరతోనే మునిగిన అమ్మ గోడవైపు తిరిగి, "నువ్వు చూడకే" అంది. నాకూ సిగ్గేసింది. అయిదు నిమిషాలయ్యాక ఇద్దరికీ నవ్వొచ్చింది. ఊహ తెలిశాక అమ్మ వీపు చూడటం నాకదే మొదలు. రుద్దిపెట్టాను. నీళ్ళల్లో చెయ్యి చాపుకుని, ఎప్పుడూ చెప్పని పెద్దమ్మ కబుర్లు చెప్పింది.

మర్నాడు తెల్లవారుజామున తనే లేచి, "ఆ స్టిక్కరేదో ఇవ్వమ్మా, పెద్ద చెరువు చూద్దాం" అంది కోడలితో. నేను తెల్లబోయాను. "దాస్తే పోయేదైతే ఇన్నేళ్ళుంటుందా? వాళ్ళ గడప, వాళ్ళ పద్ధతి" అంది.

లోపల పదిమంది ఆడవాళ్ళు. ముడతలు పడ్డ ఒళ్ళు, ఆపరేషన్ల కుట్లు, జారిన పొట్టలు. ఎవరూ ఎవరివంకా చూడరు. ఒకావిడకు ఒకవైపు రొమ్ము లేదు. ఆవిడా అందరిలాగే చన్నీళ్ళ గుడ్డ నెత్తిన పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అలా తీసేసిన చోట కప్పుకోవడానికి ప్రత్యేకమైన స్నానపు బట్టలు కూడా అక్కడ దొరుకుతాయట, చాలాచోట్ల ఒప్పుకుంటారట. ఇంతలో తడికి అమ్మ స్టిక్కరు అంచు లేచింది. పక్కనున్న ముసలావిడ చూసింది. నాకు గుండె దడదడలాడింది. ఆవిడ ఏమీ అనకుండా బొటనవేలితో ఆ అంచును మెల్లగా అదిమి అంటించి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

మీ పిల్లలో, తోబుట్టువులో అటువైపు ఉండి మీరూ వెళ్ళేపనైతే కొన్ని మాటలు గుర్తుంచుకోండి. గుమ్మానికి వేలాడే తెర సాధారణంగా ఆడవాళ్ళకు ఎరుపు, మగవాళ్ళకు నీలం. కొన్నిచోట్ల రాత్రి ఆడవాళ్ళకిచ్చిన వైపు పొద్దున మగవాళ్ళకిస్తారు కాబట్టి ప్రతిసారీ చూసుకునే వెళ్ళాలి. ముందు పొట్టి పీటమీద కూర్చుని సబ్బుతో ఒళ్ళు శుభ్రంగా కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. జుట్టు ముడేసుకోవాలి, తువ్వాలు నీళ్ళల్లో ముంచకూడదు. గంధకపు నీళ్ళకు వెండి నల్లబడిపోతుంది. మెట్టెలు, పట్టీలు గదిలోనే పెట్టండి. బంగారంలోనూ రాగి, వెండి కలుస్తాయి కాబట్టి గొలుసులూ వద్దు. సూత్రాలు తియ్యడానికి మనసొప్పని వాళ్ళు పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని వెళ్ళవచ్చు. నేను అలాగే వెళ్ళాను. తిన్న వెంటనే దిగకండి. మొదట కాళ్ళమీద, చేతులమీద నీళ్ళు పోసుకుని మెల్లగా దిగి, పది నిమిషాలకు లేచి మంచినీళ్ళు తాగండి. బి.పి., గుండెజబ్బు ఉన్నవాళ్ళూ, గర్భిణులూ డాక్టరును అడగందే వెళ్ళవద్దు. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిపోయిందని నేను చెప్పను. రెండు రాత్రులు మాత్రం లేవకుండా నిద్రపోయింది.

ఇక పచ్చబొట్టు ఉంటే గది తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పండి. ఒకరు కాదంటే ఇంకొకరిని అడగండి. పెద్దవాళ్ళను "మీకెందుకులే, ఇంట్లో ఉండండి" అని మాత్రం వదిలి వెళ్ళకండి. వాళ్ళ చేతిమీద ఎవరి పేరుందో, ఆ కథేమిటో ఈ వారమే ఒకసారి అడిగి చూడండి. అందుకు జపాన్ దాకా వెళ్ళక్కర్లేదు, వీపు రుద్దిపెట్టే ఒక్క తలంటు చాలు. ఏమంటారు?