నెల తప్పక మునుపే చెప్పవలసిన మాట

మందుల షాపులోని కత్తెర చిన్న పనిముట్టే. పది మాత్రల షీటులో ఆరు చాలునన్నవారికి ఆరే కత్తిరించి యిత్తురు. హెచ్చరిక ముద్రించిన భాగము ఒక్కొక్కప్పుడు షాపులోనే మిగిలిపోవును. డబ్బాలో మడిచిపెట్టిన కాగితమైతే కొన్నవారి కంటనే పడదు. జ్వరపు మాత్ర విషయమున ఇది స్వల్పలోపమే కావచ్చును గాని, మూర్ఛకును, కొన్ని మానసిక వ్యాధులకును వాడెడి సోడియం వాల్‌ప్రోయేట్ విషయమున, తెగిపోయిన ఆ హెచ్చరిక ఇంకను కడుపున పడని బిడ్డకు సంబంధించినది.

1967లో ఫ్రాన్సునందు వాడుకలోనికి వచ్చిన ఈ ఔషధము ఎందరినో మూర్ఛనుండి కాపాడినదనుట నిర్వివాదాంశము. కాని, దీనిని సేవించుచు గర్భవతులైన తల్లులకు వెన్నెముక సరిగా మూసికొనని శిశువులు పుట్టుచున్నారని ఆ దేశమందలి లియోన్ నగర వైద్యులు 1982లోనే లోకమునకు తెలిపిరి. గర్భమున ఈ మందు సోకిన శిశువులలో నూటికి సుమారు 10 మందికి పుట్టుకతోనే అవయవలోపములును, 30 నుండి 40 మందికి మాటయు, నడకయు, చదువును వెనుకబడు ఎదుగుదల లోపములును కలుగుచున్నవని నేడు తేలినది. ఇంత తెలిసియు, బ్రిటనులో గట్టి గర్భనివారణ కార్యక్రమము 2018లో గాని రాలేదు. తల్లుల మొరను వ్యవస్థ ఏండ్ల తరబడి పెడచెవిని పెట్టినదని బారనెస్ కంబర్లెజ్ నెరపిన సమీక్ష 2020లో తేల్చిచెప్పెను.

ఇందలి కీలకమంతయు కాలములో నున్నది. పిండమున మెదడుగను వెన్నుపాముగను రూపొందవలసిన నాళము గర్భధారణ జరిగిన 28 దినములలోపుననే మూసికొనును. నెల తప్పినదని గ్రహించి, పరీక్ష చేయించుకొని, ఆసుపత్రి మెట్లెక్కునప్పటికి జరుగవలసిన హాని జరిగియే యుండును. కావున గర్భిణికి చేయు హెచ్చరిక ఆలస్యపు హెచ్చరిక. గర్భనిరోధక సలహా ఈ మందునకు అనుబంధము కాదు, చికిత్సలోనే యొక భాగము.

మన తెలుగునాట కుటుంబ నియంత్రణమనగా, ఇద్దరు బిడ్డలు పుట్టిన పిమ్మట స్త్రీకి చేయు ఆపరేషన్ అనియే రూఢి. పెండ్లికిని తొలికాన్పునకును నడుమ ఆమెకు మాత్రలను గూర్చి గాని, కాపర్-టీని గూర్చి గాని చెప్పువారు అరుదు, "ఏమమ్మా, ఇంకా విశేషమేమీ లేదా?" అని అడుగువారు మాత్రము వీధికి నలుగురు. అత్తవారికి తెలియకుండ మూర్ఛను దాచి, మాత్రను కొంగుచాటున మ్రింగు కోడలు ఎవరిని అడుగగలదు?

బ్రిటనులో 2023 అక్టోబరు నుండి ఈ మందును పూర్తి ప్యాకెట్టుగానే ఇయ్యవలెను. 2024 జనవరి నుండి, 55 ఏండ్లలోపు వారికి దీనిని క్రొత్తగా ప్రారంభింపవలెనన్నచో, ఇద్దరు నిపుణులు విడివిడిగా సమ్మతింపవలెను. మన ప్రభుత్వములును మొదట ఆ కత్తెరను ఆపవలెను. మందు వ్రాయు వైద్యుడే, అదే గదిలో, ఆమె మాతృభాషలో గర్భనిరోధక మార్గములను వివరింపవలెను. బిడ్డను కోరువారికి లెవెటిరాసిటాం, లామోట్రిజిన్ వంటి తక్కువ హానికరమైన మందులు సరిపడునేమో ముందుగానే విచారింపవలెను. గ్రామమున ఆశా కార్యకర్తకు ఈ మందు పేరైనను తెలిసియుండవలెను.

అయితే ఇది నిర్బంధముగా పరిణమింపరాదు. గర్భమును వాయిదా వేయుట ఆమె నిర్ణయము. ఆ నిర్ణయమునకు వలయు జ్ఞానమొసగుట మన ధర్మము. భయపడి మందును తటాలున మానుటయు ప్రాణాంతకమే, ఏలయన అదుపు తప్పిన మూర్ఛ తల్లినే బలిగొనగలదు. బిడ్డకు లోపము కలిగినచో తల్లిని నిందించుట పరమ అన్యాయము. ఆమె వైద్యుని మాటనే పాటించినది.

విశేషమేమని ఇరుగుపొరుగులు ఆమెను ప్రశ్నింపకమునుపే, ఆమె ఏ మందు వాడుచున్నదో ఎరిగిన యొక వైద్యుడు ఆమె ప్రక్కన కూర్చుండి మాటాడి యుండవలెను.