నీళ్ళలో మందు వేస్తే చాలదు, కలవాలి

వానలు ముదిరి ప్రాణహిత, ఇంద్రావతుల నీరు దిగివచ్చేసరికి భద్రాచలం వద్ద గోదావరి ఎర్రబారుతుంది. నిన్నటి నీరు వేరు, నేటి నీరు వేరు. దానిని శుద్ధి చేసే మందు మాత్రం చాలాచోట్ల నిన్నటి కొలతతోనే పడుతూ ఉంటుంది. నా అభ్యంతరం ఇక్కడే.

ఉద్యోగంలో ఉన్న రోజులలో ఒక వర్షాకాలం, అడవి అంచున ఒక కోయగూడెంలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయని తెలిసి వెళ్ళాము. ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు రోజూ వేస్తున్నామన్నారు. అది అబద్ధం కాదు. ట్యాంకు కిందనున్న కుళాయి నీరు ఘాటు వాసనతో నోట పెట్టరాకుండా ఉంది. ఊరి చివరి కుళాయి నీటిని క్లోరోస్కోపులో పోసి చూస్తే పసుపు ఛాయ కూడా రాలేదు. పొడిని పొడిగానే పైనుంచి గుమ్మరించడం వలన అది ఒకచోట ముద్దగా నిలిచిపోయింది. “మందు వాసన నీళ్ళు పిల్లలు తాగరు సారూ” అని ఒక తల్లి వాగు ఇసుకలో చెలమ తీసి నీళ్ళు తోడుకుంటున్నది. ఆ పిల్లలకే జబ్బు చేసింది. ఆ తల్లిది అజ్ఞానమని నేను అనలేను.

లెక్క కష్టమైనది కాదు. నలభై వేల లీటర్ల ట్యాంకులో లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే మొత్తం 80 గ్రాములు. తాజా బ్లీచింగ్ పౌడరులో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది గనుక పావుకిలోకు కొంచెం తక్కువ పౌడరు సరిపోతుంది. మూతి విప్పిన సంచి తేమలో నెలల తరబడి పడి ఉంటే ఆ శాతం సగానికి పడిపోవచ్చు. అప్పుడు అదే పావుకిలో సగం పనే చేస్తుంది. పౌడరును బకెట్టులో కలిపి, సున్నం మడ్డి అడుగుకు దిగాక, పైతేటను ట్యాంకు నిండుతున్న ధారలో పోయాలి. తరువాత అరగంటైనా ఆగి నీరు వదలాలి. చివరి కుళాయి వద్ద లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది మన జాతీయ ప్రమాణం.

నీరు ముందే తేటపడకపోతే ఈ శ్రమ కూడా వృథా. బురద రేణువుల చాటున క్రిములు దాగుతాయి, కుళ్ళిన ఆకుల సారం క్లోరిన్‌ను తినేస్తుంది. అందుకే శుద్ధికేంద్రంలో ముందు పటిక వేస్తారు. మన అమ్మమ్మలు కుండ లోపల చిల్లగింజ అరగదీసినదీ ఇందుకే. పటిక పడిన క్షణాలలోనే నీటిని వేగంగా చిలకాలి. ఆపైన ఇరవై, ముప్పై నిమిషాలు మెల్లగా తిప్పాలి. అప్పుడు రేణువులు ఒకదానికొకటి అంటుకొని, బరువెక్కి దిగుతాయి. అప్పుడూ వేగంగా తిప్పితే కట్టిన ముద్దలు విరిగిపోతాయి. పటిక తక్కువైతే బురద మిగులుతుంది. మరీ ఎక్కువైతే నీటి పుల్లదనం పెరుగుతుంది, అల్యూమినియం మిగులుతుంది, ఒక్కొక్కప్పుడు బురద తిరిగి విడిపోతుంది కూడా.

ఎంత వేయాలో నది చెప్పాలి గాని రిజిస్టరు కాదు. దానికి జార్ టెస్టు ఉన్నది: ఆరు గాజుపాత్రలలో ఆనాటి నీటినే పోసి, ఆరు మోతాదులు వేసి, చిలికి, నిలిపి, ఏది బాగా తేటపడితే ఆ మోతాదును ఎంచుకోవడం. గంటసేపటి పని. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అటువంటి రోజులలో ఈ పరీక్ష పూటపూటకూ జరగాలి.

మిషన్ భగీరథ గొట్టాలు అడవి గూడేలకు కూడా చేరడం చిన్న విషయం కాదు; గర్భిణులు మైళ్ళు నడిచి నీళ్ళు మోయడం చూసినవాణ్ణి నేను. అయితే గొట్టానికి పెట్టిన ఖర్చులో అణువంతైనా ఆ గొట్టం చివర మందు కలిపే మనిషి శిక్షణకు పెట్టాలి. అతడు తరచుగా చిన్న జీతానికి పనిచేసే పంచాయతీ కార్మికుడు. అతనికి తూకం, మూతగల డబ్బా, క్లోరోస్కోపు ఇవ్వకుండా జబ్బు వచ్చినప్పుడు అతడినే నిందించడం అన్యాయం. ఇక తనిఖీకి వచ్చే అధికారులు ట్యాంకు కింద కుళాయి వద్ద కాక, ఊరి చివరి ఇంటి కుళాయి వద్ద నీరు పట్టి పరీక్షించాలని నా మనవి.